అలావా మహసూల్-ఎ-డాక్: నెల్లూరు తీరంలో పాత సిక్కాల దారి ఖర్చు

ఉర్దూ మీడియంలో చదివిన వాళ్లకు ఈ మాట గుర్తుండే ఉంటుంది. పాత ఉర్దూ కితాబుల వెనక అట్ట మీద ధర వేసి, దాని పక్కనే చిన్న అక్షరాల్లో 'అలావా మహసూల్-ఎ-డాక్' అని అచ్చు వేసేవాళ్లు. తపాలా ఖర్చు ఈ ధరలో లేదు, అది కొనేవాడి జిమ్మా అని దాని మతలబు. ఇప్పుడు కితాబులే కాదు, పాత సిక్కాలు, స్టాంపులు, నిజాం నాటి నోట్లు అన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి. మన ఇళ్లల్లో పిల్లలకు ఈ షౌక్ బాగానే పట్టింది. సిక్కా 300 రూపాయలే కదా అని మురిసిపోతారు. చివర్లో కిరాయి, బీమా, కస్టమ్స్ అన్నీ కలిసి 900 అయ్యేసరికి బిత్తరపోతారు. వస్తువు కన్నా దారి ఖరీదు ఎక్కువైందేమిటి అబ్బా అని అడుగుతారు.

మన నెల్లూరు తీరానికి ఈ సవాల్ కొత్తది కాదు. దీనికి దాదాపు రెండు వేల ఏళ్ల తారీఖు ఉంది. అందులో మన వాళ్ల పాత్ర కూడా ఉంది.

1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలి ఆగిపోయింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం బయటపడింది. దాని కింద ఒక చిన్న కుండ, ఆ కుండ నిండా బంగారు సిక్కాలు. అవి రోమ్ బాదుషాల సిక్కాలని ఆ రైతుకు తెలిసే దారి లేదు. పాత బంగారం కింద తూకానికి అమ్మేశాడు. కొన్నవాళ్లు కరిగించడం మొదలుపెట్టారు. ఆ కబురు ఆర్కాటు నవాబు ఖానదాన్‌కు అందింది. వాలాజా నవాబు ముహమ్మద్ అలీ ఖాన్ రెండో కొడుకు అమీరుల్ ఉమరా మనుషులను పంపి, మొత్తం కొలిమిలో పడకముందే ముప్పైకి పైగా సిక్కాలను కాపాడాడు. అప్పట్లో నెల్లూరు సీమ ఆర్కాటు నవాబులదే. నవాబు తమ్ముడు నజీబుల్లా ఖాన్ ఇక్కడి కోటలో ఉండి 1757లో అన్న మీదనే తిరగబడ్డాడు కూడా. అది వేరే కథ.

ఈ సిక్కాల సంగతి మనకు తెలిసింది అలెగ్జాండర్ డేవిడ్‌సన్ అనే ఇంగ్లీషు దొర వల్ల. ఇది జరిగినప్పుడు ఆయనే మద్రాసు గవర్నరు. ముప్పై సిక్కాల్లోంచి నచ్చినవి తీసుకోమంటే రెండు ఏరుకున్నాడు. ఒకటి హేడ్రియన్ బాదుషాది, ఇంకొకటి ఫాస్టీనా రాణిది. 1787 జూలై 12న ఆయన రాసిన ఖత్ కలకత్తాలోని ఏసియాటిక్ సొసైటీ వాళ్ల 'ఏసియాటిక్ రిసెర్చెస్' రెండో సంపుటంలో 1790లో అచ్చయింది. ట్రేజన్ సిక్కాలు కూడా వాటిలో ఉన్నాయనీ, అంతా మేలిమి బంగారమనీ, కొన్ని టంకసాల నుంచి నిన్ననే వచ్చినట్టు మెరుస్తున్నాయనీ అందులో ఉంది. మరికొన్ని అరిగిపోయి, బెజ్జాలు పడి ఉన్నాయి. నగలుగా కట్టుకునేవాళ్లేమో అని ఆయన అనుకున్నాడు. మన నానీమాలు అశ్రఫీకి కొంకి అతికించి మెడలో వేసుకునే రివాజు ఎంత పాతదో చూడండి.

ఇక్కడ కొంచెం హిసాబ్ వేద్దాం. ఆ కాలపు రోమన్ బంగారు సిక్కా, దాన్ని ఆరియస్ అంటారు, ఒక్కోటి 7.2 గ్రాముల దాకా తూగుతుంది. ముప్పై సిక్కాలంటే 216 గ్రాములు. ఇవాళ మనం స్పీడ్ పోస్టులో పంపే ఒక మామూలు నవల అంతకన్నా బరువు. సముద్రాలు దాటి నెల్లూరు మట్టిలోకి రాగలిగింది అందుకే. బరువు తక్కువ, విలువ ఎక్కువ. దారి ఖర్చును తట్టుకోగల మాల్ అది.

దారి ఖర్చు అంటే మామూలుది కాదు. ఇండియా ఏటా రోమ్ నుంచి 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని ప్లినీ అనే రోమన్ పెద్దమనిషి క్రీస్తు తర్వాత మొదటి శతాబ్దంలో వాపోయాడు. ఒక ఆరియస్‌కు 100 సెస్టర్సులు. అంటే 5 లక్షల బంగారు సిక్కాలు, మూడున్నర టన్నుల పైచిలుకు బంగారం. ఆ మాటతో పాటే ఇంకో మాట అన్నాడు: ఇక్కడి మాల్ అక్కడ వందరెట్లకు అమ్ముడవుతోందట. ఆయన లెక్కలో అతిశయోక్తి ఉండొచ్చు, ఆన్‌లైన్‌లో బిల్లు చూసి అరిచే మనలాగే ఆయనా అరిచి ఉండొచ్చు. కానీ ఆ వందరెట్లలో ఏముందో ఒక దస్తావేజు చెబుతుంది. కేరళ తీరంలోని ముజిరిస్ బందరు నుంచి వెళ్లిన 'హెర్మపోలాన్' అనే జహాజ్ సరుకు గురించి రెండో శతాబ్దంలో రాసిన పత్రం అది. ఇప్పుడు వియన్నాలో ఉంది. ఎర్ర సముద్రం దాకా ఓడలో, అక్కడి నుంచి కాప్టోస్ దాకా ఎడారిలో ఒంటెల మీద కాపలాతో, ఆ పైన నైలు నదిలో అలెగ్జాండ్రియాకు. గోదాముల్లో పెట్టినప్పుడు అప్పిచ్చినవాడి సీలు పడాలి. చివర్లో సర్కారుకు విలువలో నాలుగో వంతు మహసూల్. దాదాపు 70 లక్షల సెస్టర్సుల సరుకు మీద నాలుగో వంతు!

ఇంకో రకం సిక్కా కూడా ఈ తీరంలో దొరుకుతుంది. శాతవాహనుల కాలం నాటి సీసం నాణెం, దాని మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ. పులుమావి, యజ్ఞశ్రీ పేర్లతో ముడిపెడతారు వాటిని. చూడ్డానికి మురికిగా, బండగా ఉంటాయి. సీసం కాబట్టి ఇక్కడి సంతల్లోనే తిరిగి, ఇక్కడి మట్టిలోనే ఉండిపోయాయి. సేకరించేవాళ్లకు మాత్రం ఇవి ప్రాణం. అందుకే వీటికి నకిలీలూ ఉన్నాయి. వందల రూపాయల కిరాయి పోసి తెప్పించుకున్నాక అది నిన్న పోతపోసిన సీసం అని తేలితే చేసేదేముంది? వాపసు పంపే కిరాయి ఎవరిదో ముందే అడిగి రాయించుకోవడం మేలు.

నెల్లూరు పేరు ఫార్సీ తారీఖుల్లో కూడా ఉంది. షీరాజ్ నగరం వాడైన వస్సాఫ్ పద్నాలుగో శతాబ్దం మొదట్లో రాసిన తారీఖ్‌లో మాబర్ దేశం కూలం నుంచి నీలావర్ దాకా సముద్రం ఒడ్డున మూడు వందల ఫర్సఖుల దాకా పరుచుకుని ఉందంటాడు. కూలం అంటే కొల్లం, నీలావర్ అంటే మన నెల్లూరు. ఈ తీరానికి ఫార్స్, అరబ్ బందర్ల నుంచి గుర్రాలు వచ్చేవి. కీష్ ద్వీపపు మాలిక్, సౌదాగర్లలో పెద్దవాడు జమాలుద్దీన్, ఏటా 1,400 గుర్రాలు పంపే ఒప్పందం మీద ఉన్నాడు. ఒక్కో గుర్రానికి 220 ఎర్ర బంగారు దీనార్లు. అంటే ఏడాదికి 3 లక్షల 8 వేల దీనార్లు. ఇందులో నన్ను ఆపేసింది ఆ ధర కాదు, ఒప్పందంలోని ఒక షరతు. దారిలో గుర్రం చచ్చినా, గాయపడినా దాని డబ్బు రాజే ఇవ్వాలి. బీమా అంతా కొన్నవాడి నెత్తిన! గుర్రం దొరకడం రాజుకు అంత జరూరీ. అమ్మేవాడి చేతిలో అరుదైన మాల్ ఉంటే దారి నష్టం కొనేవాడే మోస్తాడు. ఇవాళ ఆన్‌లైన్‌లో 'పంపిన తర్వాత మా బాధ్యత లేదు' అని రాసి పెట్టేవాళ్లూ జమాలుద్దీన్ షరతు మీదనే వ్యాపారం చేస్తున్నారు. కాకపోతే వాళ్ల చేతిలో ఉన్నది అరబ్బీ గుర్రం కాదు, పది దుకాణాల్లో దొరికే సిక్కా. అలాంటప్పుడు షరతు మార్చమని అడిగే హక్కు మనదే.

బీమా అనే మాట మీద ఒక ముక్క. తెలుగులో ఎల్‌ఐసీ వల్ల ఇంటింటికీ తెలిసిన ఈ పదం ఫార్సీ నుంచి వచ్చింది. ఫార్సీలో 'బీమ్' అంటే భయం.

ఆ భయాన్ని తగ్గించడానికి ఒక తెలుగు రాజు చేసిన పని నెల్లూరుకు ఉత్తరాన, చినగంజాం దగ్గర మోటుపల్లిలో రాతి స్తంభం మీద ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో చెక్కించిన అభయ శాసనం. అంతకు ముందు రివాజు ఏమిటంటే, ఒక దేశానికి వెళ్తున్న ఓడ తుఫానుకు చెడి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ ఆ ఒడ్డు రాజు జప్తు చేసుకునేవాడు. మునిగినవాడి మీద ఇంకో మునుగు. గణపతిదేవుడు ఆ హక్కు వదులుకున్నాడు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువని సముద్రం మీద బయలుదేరేవాళ్ల మీద దయతో, ధర్మం కోసం, కీర్తి కోసం ఇలా చేస్తున్నామని అందులో చెప్పుకున్నాడు. వచ్చే పోయే సరుకు మీద ముప్పయ్యో వంతు మాత్రం కూపశుల్కం కింద తీసుకుంటామన్నాడు. చందనం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పగడాలు, పట్టు, మిరియాలు, వక్కలు, ఒక్కోదానికి వేరే లెక్క కూడా ఉంది. ఎంత కట్టాలో బందరు చేరకముందే సౌదాగర్‌కు తెలుస్తుంది. ముప్పయ్యో వంతు అంటే మూడు శాతం పైచిలుకు. రోమ్ వాళ్ల పాతిక శాతం పక్కన పెట్టి చూడండి. నూరేళ్ల తర్వాత 1358లో రెడ్డి రాజు అనపోతారెడ్డి కూడా మోటుపల్లి వర్తకులకు అభయమిస్తూ ఇంకో శాసనం వేయించాడు. శాసనాల్లో పేరున్న ఇతర బందర్లు కూడా ఈ తీరంలో ఉన్నాయి. ఇవాళ బొగ్గు దిగే కృష్ణపట్నం పాత పేరు కొల్లిత్తురై, గండగోపాలపట్నం అని కూడా అనేవాళ్లు.

దుర్గరాజపట్నంలో ఇంగ్లీషు కంపెనీ 1626లో కోఠీ పెట్టింది. వాళ్లు దాన్ని ఆర్మగాన్ అన్నారు. ఓడలు ఆగడానికి అనువైన చోటే. కోటకు ఫిరంగులూ పెట్టుకున్నారు. కానీ బట్ట నాణ్యత చాలలేదు, ధర ఎక్కువ. అక్కడి పెద్ద ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెళ్లి చూసి, మద్రాసపట్నంలో బట్ట 20 శాతం చవగ్గా దొరుకుతుందని రాశాడు. అక్కడ ఓడరేవే లేదు, అలల్లో పడవల మీద మాల్ ఎక్కించాలి. అయినా మాల్ ధర, దారి ఖర్చు రెండూ కలిపితే మద్రాసే గిట్టుబాటు. 1640 నాటికి మూట కట్టుకుని వెళ్లిపోయారు. కిరాయి ఉచితం అన్నచోటల్లా ఈ ఆర్మగాన్ లెక్క వేసి చూడమని మా ఇంట్లో పిల్లలకు చెబుతుంటాను. చాలాసార్లు ఆ ఉచిత కిరాయి మాల్ ధరలోనే దాక్కుని ఉంటుంది.

చిన్న వస్తువుల సంగతి ఇది. పెద్దవాటి దారి ఇంకా కష్టం. కృష్ణా ఒడ్డున అమరావతి స్తూపం రాళ్లను వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసు పంపాడు. అక్కడ ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో లండన్‌కు జహాజ్ ఎక్కించారు. తీరా చేరాక వాటిని పెట్టుకోవడానికి చోటు లేదు. థేమ్స్ ఒడ్డున ఒక రేవు గోదాములో, తర్వాత ఫైఫ్ హౌస్ అనే బంగళా గుర్రపు బళ్ల సావిడిలో పడేశారు. 1867లో ఫెర్గూసన్ అనే పండితుడు చూసేదాకా వాటి ఊసు ఎత్తినవాడు లేడు. బ్రిటిష్ మ్యూజియంకు చేరింది 1880లో. పురావస్తు శాఖ తొలి పెద్ద అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్‌ది మరో అనుభవం. 1880ల మధ్యలో ఆయన సేకరణతో ఇంటికి వెళ్తున్న 'ఇండస్' ఓడ సిలోన్ దగ్గర మునిగింది. చాలా భాగం సముద్రం పాలైంది. ఆయన బంగారు, వెండి సిక్కాలు మాత్రం చాలావరకు బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. ఇక్కడ కూడా దారి తట్టుకున్నవి చిన్నవే.

మన చేతిదాకా మాల్ తెచ్చిన మహా ఉపాయం మాత్రం డాక్‌ది. 1877లో వి.పి.పి. మొదలైంది. మాల్ ఇంటికొచ్చాక డాకియాకు డబ్బిస్తే చాలు, ముందు పంపనక్కర్లేదు. ఎరగని అమ్మేవాడికీ ఎరగని కొనేవాడికీ మధ్య డాకియా జామీను ఉన్నట్టు. ఉర్దూ కితాబులు, రిసాలాలు చిన్న ఊళ్లకు చేరింది ఆ దారినే. రిజిస్టర్డ్ పోస్టు కూడా సేకర్తలకు చౌక నమ్మకం. 2025 సెప్టెంబర్ 1 నుంచి దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. రెండు మూడు చిన్న స్టాంపులు తెప్పించుకునేవాళ్లకు ఆ తేడా తెలుస్తోంది. అందుకే ఒకే దుకాణం నుంచి నెలకోసారి అన్నీ కలిపి తెప్పించుకోండి. ఖాలా కొడుకు, మామూ కొడుకు ఆర్డర్లు కూడా ఒకే పొట్లంలో రానివ్వండి. పాతకాలపు సౌదాగర్లు కూడా ఒక జహాజ్‌లో పదిమంది మాల్ వేసుకుని కిరాయి పంచుకునేవాళ్లు.

పరదేశం నుంచి తెప్పిస్తే రెండు సంగతులు. కస్టమ్స్ వాళ్లు సుంకం వేసేది సిక్కా ధర మీద ఒక్కటే కాదు, దానికి కిరాయి, బీమా కలిపిన మొత్తం మీద. అంటే మహసూల్ మీద మహసూల్. కిరాయి తగ్గించుకుంటే సుంకం కూడా తగ్గుతుంది. రెండోది, కస్టమ్స్ తప్పించుకోవడానికి విలువ తక్కువ రాయమని అమ్మేవాడిని అడిగేవాళ్లున్నారు. అది అబద్ధమూ, నేరమూ. పైగా పొట్లం పోతే బీమా వచ్చేది రాసిన విలువ మేరకే. ఇంకా ఒకటి: సిక్కాలు, నోట్లు, బంగారం బీమా లేని మామూలు ఖత్‌లో పెట్టి పంపకూడదని అంతర్జాతీయ డాక్ నియమమే ఉంది. చౌక కవరులో పెట్టి పంపేస్తానంటే వద్దనండి.

ఇక అసలు గాయం. మన ఇళ్లల్లో 786 నంబరు నోటు దాచుకోని వాళ్లు తక్కువ. పాత రూపాయి బిళ్లకు లక్షలిస్తామని ఫోన్ చేసి, ముందు రిజిస్ట్రేషన్, పన్ను, కొరియర్ ఖర్చు పంపమంటున్న ముఠాలు తిరుగుతున్నాయి. వాళ్లకు నోటు అక్కర్లేదు, ఆ కొరియర్ ఖర్చే వాళ్ల కమాయీ. రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. పాత నోట్లు, నాణేల లావాదేవీలకు తాము ఎలాంటి ఫీజు, కమీషన్ తీసుకోమనీ, ఎవరికీ అలాంటి అధికారం ఇవ్వలేదనీ. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ముక్క చదివి వినిపించండి. అమ్మేవాడు ముందు డబ్బు కట్టే సౌదా ఈ తీరంలో ఏ కాలంలోనూ లేదు.

ఇంకో రకం నష్టం కూడా జరుగుతోంది, అది మోసం కాదు కాబట్టి ఎవరికీ నొప్పి తెలీదు. దాదీమా సందూక్‌లో ఆర్కాటు రూపాయలుంటాయి. ఆలంగీర్ సానీ పేరు, హిజ్రీ 1172, దాని మీద చిన్న తామర గుర్తు ఉంటే మద్రాసు ఇంగ్లీషు వాళ్లు కొట్టినది. నెలవంక ఉంటే పుదుచ్చేరి ఫ్రెంచి వాళ్లది. పెళ్లి ఖర్చులకని షరాఫ్ దగ్గరకు తీసుకెళ్తే వెండి తూకం కట్టి తీసుకుంటాడు. పదేళ్లకు మనవడికి షౌక్ పుట్టి అదే రకం రూపాయిని ఆన్‌లైన్‌లో వెతికి, వెండి ధరకు ఎన్నోరెట్లు, పైన కిరాయి కట్టి తెప్పించుకుంటాడు. 1786 నాటి రైతుకు కనీసం చెప్పేవాడు లేడు. ఆ తర్వాత 1878లో భూనిక్షేపాల చట్టం వచ్చింది. 10 రూపాయలకు మించిన విలువగల నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలి. సర్కారు దాన్ని తీసుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇవ్వాలి. ఆ ఐదో వంతే పాతదనానికి సర్కారు కట్టిన ఖరీదు. సందూక్‌లోని సిక్కాకు ఆ చట్టం అక్కర్లేదు. తూకానికి ఇచ్చేముందు చదవడం వచ్చినవాడికి ఒకసారి చూపిస్తే చాలు. మన మదరసాల్లో ఆ ఫార్సీ అక్షరాలు చదవగల మౌల్వీ సాబులు ఉండనే ఉన్నారు.

గల్ఫ్‌లో ఉన్న భాయిజాన్‌లు ఆ రూపాయి తమకు పంపమంటుంటారు. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. చేతిరాత కితాబుకైతే 75 ఏళ్లే హద్దు, అందులో చారిత్రక, సాహిత్య విలువ ఉంటే. వాటిని దేశం దాటించే హక్కు మామూలు మనిషికి లేదు. కొరియర్‌లో అయినా, సామానులో అయినా అంతే. శిక్ష 6 నెలలకు తగ్గకుండా 3 ఏళ్ల దాకా జైలు, జుర్మానా. హైదరాబాదు చార్మినార్ రూపాయలు కూడా కొన్ని ఆ నూరేళ్ల గీత దాటాయి. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911లో కదా. కాబట్టి దాదీమా ఆర్కాటు రూపాయి నెల్లూరు నుంచి హైదరాబాదులో ఉన్న మనవడికి బీమా చేసిన స్పీడ్ పోస్టులో వెళ్తుంది. దుబాయిలో ఉన్న మనవడు మాత్రం సెలవులకు వచ్చినప్పుడు ఇంట్లోనే చూసుకోవాలి.